చూ. పుట ??

వాసా రేవులో సముద్రం గడ్డకట్టిన నెల.
ఔలిక్కి బల్ల మీద ఓడ ఇంజను మాన్యువల్,
పదకొండు వందల నలభై రెండు పుటలు,
ఇరవై ఆరేళ్ల కాపురం.

మార్చి దాటితే ఈ సాఫ్ట్‌వేర్‌కి దిక్కుండదట.
కొత్తదానికి పుటలే లేవు.
అన్నీ ముక్కలు. అడిగినవాడికి అడిగినంత
అప్పటికప్పుడు అతికించి ఇస్తుంది.
"మరి అంచులు?" అంది.
"తెర ఎంతుంటే అంత," అన్నాడు కుర్రాడు ఇల్మారి.

తరలించిన తొలి రాత్రే
నాలుగు వేల దారులు తెగిపోయాయి.
వాల్వు దగ్గర, పంపు దగ్గర, ప్రమాద హెచ్చరిక దగ్గర కూడా
చూ. పుట ??
చూ. పుట ??
తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్లా.

ఒక్కోదాన్నీ చెయ్యి పట్టి ఇంటికి చేరుస్తుంటే
ఫోను. నడిసంద్రం నుంచి ఎవరో మెకానిక్,
ఇంజను హోరు మీదుగా అరుస్తున్నాడు:
"ఆరు వందల పద్నాలుగు!
నూనె మరక పడ్డ పుట!
బోల్టు ఎంత బిగించాలో అంకె కనపడట్లేదు!"

చూడకుండానే చెప్పింది.

ఇల్మారి చాలాసేపు కీబోర్డు ముట్టలేదు.
"ఆ మరకని ఏ ట్యాగులో పెట్టాలి?"
వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

"మరకలు వాళ్లే పెట్టుకుంటారు.
నువ్వు కాస్త చోటు వదులు,"
అని తెర వైపు తిరిగింది.
ఇంకా మూడు వేల తొమ్మిది వందలు.