ఉరఫ్

గుణుపురం కోర్టు గేటు పక్కన, జెరాక్స్ కొట్టు నీడలో
నా బల్ల, నా టైపు మిషను,
ఎండకు గట్టిపడిన గమ్ము సీసా.
ఒరియాలో రాస్తాను, తెలుగులో తిట్టుకుంటాను.

వంశధార అవతలి నుంచి ఒకామె వచ్చింది.
కలువకాడల మోపు గోడకి జారేసి
ప్లాస్టిక్ సంచిలోంచి
నలుగురు ఆడవాళ్లను తీసి బల్ల మీద పరిచింది.

రేషన్ కార్డులో సుషమా సబర.
ఓటరు కార్డులో సుసామా.
బ్యాంకు పుస్తకంలో ఎస్. ఆమా;
ఏ గుమాస్తా తుమ్మినప్పుడో పడ్డ చుక్క కాబోలు.
చర్చి రిజిస్టరు నకలులో మాత్రం, నీలి సిరా తెలుగులో,
సూసన్నమ్మ, టెక్కలి యోహాను కూతురు.

నలుగురికీ కలిపి ఒక్కటే వితంతు పింఛను.
పదకొండు నెలలుగా అది ఎవరికీ అందలేదు.

"ఇందులో నువ్వెవరు?" అన్నాను.
"ఏటి బాబూ, నువ్వెవుల్ని పిలిసినా నానే కదా పలుకుతాను."

పాత పాస్టరు గారొకాయన, ఇప్పుడు లేరు,
వీలునామా రాయించుకోడానికొచ్చి చెప్పారు నాకీ పేరు సంగతి.
హార్మోనియం ఏ కూతురికండీ అంటే
సూసన్నకి అన్నారు. అని ఊరుకోలేదు.

ఈజిప్టులో, నైలు నది మడుగుల్లో
సెషెన్ అని ఒక పువ్వుండేదట.
తామర కాదయ్యా, కలువ, అని వేలు ఆడించి మరీ చెప్పారు.
హెబ్రీ వాళ్లు దాన్ని కోసుకుపోయి
షోషన్నా అని ఆడపిల్లకి పెట్టుకున్నారు.
గ్రీకు వాళ్ల నోట 'ష' పలకదు, సూసన్నా చేశారు.
అరబ్బులకి సౌసన్, పర్షియాలో సూసన్,
ఆర్మేనియా కొండల్లో ఇప్పటికీ
షుషాన్ అని కేకేస్తే ఎవరో ఒకరు వెనక్కి తిరుగుతారట.

ఎన్ని ఓడలెక్కిందో తెలీదు గానీ
చివరికి ఒక మిషను ఆస్పత్రి నర్సమ్మ పెట్టెలో,
నౌపడా దగ్గర చిన్నబండి మారి,
పర్లాకిమిడి మీదుగా, పట్టాల మీద ఎద్దు పడుకుంటే ఆగుతూ,
వచ్చి యోహాను బిడ్డ ఉయ్యాల పక్కన
పలక మీద సుద్దముక్కతో కూర్చుంది.
మనవాళ్లు ఊరుకుంటారా,
చివర 'అమ్మ' తగిలించారు.

ఆ తర్వాత రేషను గుమాస్తా.
ఆయన పాపం చెడగొడదామనుకోలేదు.
సంస్కృతం చదివిన మనిషి, సుషమ అంటే సొగసు కదా,
ముసల్ది నోరు తిరక్క తప్పు చెబుతోందని దిద్దాడు.
గ్రీకుల దగ్గర ఊడిపోయిన 'ష'
పలుకులో కాకపోయినా రాతలో
రెండు వేల ఏళ్లకి
ఇరవై అయిదు కేజీల బియ్యంతో తిరిగొచ్చింది.

ఇదంతా ఆమెకి చెప్పాను.
నీ పేరు కలువే తల్లీ, అన్నాను.
గోడవార మోపుకేసి ఓసారి చూసింది.
"కట్ట పది రూపాయిలు. బేరం నేదీయేళ.
నాకైతే ఆ కూర పడదు బాబూ. దురద."

కాగితం ఎక్కించి కొట్టడం మొదలుపెట్టాను.
సుషమా ఉరఫ్ సుసామా ఉరఫ్ ఎస్. ఆమా ఉరఫ్ సూసన్నమ్మ,
పై నాలుగు పేర్లూ ఒక్క మనిషివే అని, దైవసాక్షిగా...

"సుసానీ రాసినావా?"

ఏ కార్డులో ఉందది?

"కార్డులో నేదు. మా సవరోడు అనీవోడు.
కొండ మీంచి పిలిస్తే ఏటి దాకా ఇనబడీది."

పిలిచినవాడు పోయాక మిగిలిన పేరుకి రుజువేముంటుంది?
రుజువు లేనిది రాయకూడదు.
ముప్ఫై ఏళ్లుగా నాకు తెలిసిన చట్టం అదొక్కటే.

ఇంకొక ఉరఫ్ కొట్టాను.
రోలరు వెనక్కి తిప్పి
'నాలుగు' అన్న చోట తెల్లరంగు పూశాను.
అది ఆరేదాకా ఇద్దరం
మధ్యాహ్నం బండి కూత వింటూ కూర్చున్నాం.