ఆఖరి గడి

నా పని రేట్లు రాసుకోవడం.
బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి,
హొరమావు నుంచి కగ్గదాసపుర దాకా
పదకొండు అంగళ్ళు, నలభై రెండు సరుకులు.
ఫోనులో గడులుంటాయి, నింపుకుంటూ పోవాలి.

కందిబ్యాడలు, కిలో.
శెట్టి వాటిని బేళె అంటాడు, కంపెనీ తూర్ దాల్ అంటుంది.
ఏ పేరు పెట్టి పిలిచినా
కుక్కర్లో అవే నాలుగు కూతలు.

కొత్తగా తెరిచిన డిస్కౌంటు అంగడిలో సింగారమేమీ లేదు.
అట్టపెట్టె మూతి కోసి అట్లే వరసలో నిలబెడతారు.
ఏసీ లేదు. సంచి ఇవ్వరు. ఎవరూ పలకరించరు.
పలకరింపుకయ్యే ఖర్చు మిగిల్చి
నూనె ప్యాకెట్టు మీద మనకే తిరిగిస్తారంట.
నిజమే. పద్దెనిమిది రూపాయలు తక్కువ.
రాసుకున్నాను. నా గడుల్లో అబద్ధం ఉండదు.

పుట్టస్వామి శెట్టి నన్ను చూడగానే లోపలి లైటు వేస్తాడు.
"ఏమ్మా ఓబులేశ్వరీ, ఈ దినం ఎంతకు ఓడిపోయినాను?"
సగం కన్నడం కలిసిన తెలుగు, మొత్తం నవ్వు.
శెట్టి దేవుడేం కాదు.
ఆయన బ్యాడల్లో రాళ్ళుంటాయి,
తక్కెడ పక్కన దారం కట్టిన పెన్సిలు
ఒక్కోసారి మూడును ఎనిమిది చేస్తుంది.
ఆ పెన్సిలు రాసే పొడుగు పుస్తకానికి మాత్రం
నా ఫోనులో గడి లేదు.

ఆఫీసులో ప్రద్యుమ్న సారు గోడ మీద వెలుగు పరిచి
రానున్న ఐదేళ్ళు చూపిస్తాడు.
దేశమంతా ఒకే నీలం గీత, ఎడమ నుంచి కుడికి ఎక్కుతుంది.
మా కదిరి కొండలకు కూడా అంత నున్నని ఎక్కుడు లేదు.
దాని కింద బూడిదరంగు గీత ఒకటి
వంగి వంగి నేలను వెతుక్కుంటూ ఉంటుంది.
అది లైటు వేసే మనిషని
నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

జీతం పడిన రోజు నేనూ నీలం గీతలోనే నడుస్తాను.
ఐదు కిలోల మూట, భుజం మార్చుకుంటూ, రెండు బస్సులు.
పక్కగది దానమ్మది రాయచూరు. గార్మెంట్స్‌లో కాలర్లు కుడుతుంది.
రోజూ సాయంత్రం సీసా పట్టుకుపోయి
శెట్టి దగ్గర ఇరవై రూపాయల నూనె పోయించుకుంటుంది.
ఒక రాత్రి ఏడాదికి లెక్క కట్టినాను:
నాకంటే తనే వెయ్యీ చిల్లర ఎక్కువ కడుతోంది.
చెప్పినాను. నా లెక్క నాకే ముద్దొచ్చింది ఆ రోజు.

పదిహేడో తారీకు నాతో వచ్చింది.
బుట్ట నిండింది. యంత్రం టిక్కు టిక్కుమంది.
ఆఫరు రావాలంటే బిల్లు తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటాలన్నాడు పిల్లాడు.
దానమ్మ చేతిలో మూడు వందల నలభై.
చక్కెర వెనక్కి పెట్టింది.
సబ్బుల కట్ట వెనక్కి పెట్టింది, విడిగా ఒకటి ఇస్తారా అని అడిగి.
నూనె డబ్బాను రెండు చేతుల్తో ఎత్తి
నిద్రపోయే బిడ్డను దించినట్టు దించింది.
వెనక క్యూలో ఎవరో "త్వరగా" అన్నారు.
ఉప్పు ప్యాకెట్టుతో బయటికొచ్చినాం.

దారిలో శెట్టి అంగడి.
ఇంట్లోంచి సీసా తెచ్చుకునే దాకా
నేను మెట్టు మీద నిలబడినాను.
ఆయన గరాటు పెట్టి పోసినాడు.
పెన్సిలు కదిలింది.
ఈసారి నేను అంకె వైపు చూడలేదు.

శనివారం, చివరి అంగడి, చివరి గడి:
ఈ వీధిలో డిస్కౌంటు స్టోరు భవిష్యత్తుపై మీ అభిప్రాయం.
మెట్రో స్తంభం నీడలో కూర్చొని కొట్టినాను:
బాగుంటుంది, ఒకటో తారీకు నుంచి తొమ్మిదో తారీకు దాకా.

అక్షరాలు ఎక్కువైనాయంది ఫోను.
ఎర్రగా మారినదంతా తీసేసుకుని
మొదటి మాటొక్కటి ఉంచుకుంది.
బాగుంటుంది.

పంపినాను.
సోమవారం ఆ నీలం గీత
ఇంకో వెంట్రుకవాసి పైకి లేస్తుంది.