నలుపు ఎక్కడిదంటే

ముమ్మిడివరం దాటాక పంట బోదె పక్కన
పలివెల మంగాయమ్మ గట్టు చెక్కుతోంది.
అరచేతులు నల్లగా ఉన్నాయి.
బురదనుకున్నాను.
"మట్టి కాదండి, గుంటగలగర.
పీకినప్పుడు పచ్చగానే ఉంటాదండి.
గాలి తగిలిందా, ఇదిగో, ఇలాగ."

గాలి తగలడానికి నా దగ్గర వేరే మాట ఉంది.
ఇరవై రెండేళ్ళు డిగ్రీ కాలేజీ లాబ్‌లో
బర్నర్లార్పి బీకర్లు కడిగినవాణ్ణి.
ఆక్సిజన్ అనబోయి
ఊరుకున్నాను.

తెల్ల పువ్వు, చొక్కా గుండీకన్నా చిన్నది.
భూతద్దం కింద అది పువ్వు కాదు, ఒక పేట:
నడుమ గొట్టాల్లాంటి పూలు కిక్కిరిసి,
అంచున మనం రేకలనుకునేవీ పూలే.
చామంతి, బంతి, పొద్దుతిరుగుడు
అన్నిటిదీ ఇదే ఇంటిపేరు.

గుప్పెడాకు తెచ్చి స్పిరిట్లో పదిరోజులు నానేశాను.
పలక మీద చుక్క పెట్టి, పైకి పాకనిచ్చి,
చీకటి గదిలో ఊదా దీపం వేస్తే
ఆకుపచ్చదనం ఎర్రగా రాజుకుంది.
దానికి ఎడంగా నీలంగా ఒక గీత.
వెడెలోలాక్టోన్.
పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు.

కొవ్వూరి భీమశంకరం గారి హోమియో బీరువాలో
ఇదే మొక్క రెండు సీసాల్లో ఉంది.
మదర్ టింక్చర్ నీలం చూపించింది.
ముప్పై పొటెన్సీ దగ్గర పలక ఖాళీ.

లెక్క వేశాను.
ధవళేశ్వరంలో ఒక చుక్క విడిచి
అంతర్వేదిలో దోసిలి పడితే
ఒకటో రెండో అణువులు చేతికి రావచ్చు.
ముప్పైకి గోదావరి చాలదు,
ఏడు సముద్రాలూ చాలవు.

చెప్తే ఆయన కోప్పడలేదు.
"మీ పలకకి కనపడలేదని
నా పేషెంటు నిద్ర మానేస్తాడా?"
"నిద్ర పట్టడం వేరు, మందుండటం వేరు" అన్నాను.
ఇద్దరం టీ తాగాం.
అందులో పంచదార మాత్రం కచ్చితంగా ఉంది.

వారం తర్వాత పలక మంగాయమ్మకి చూపించాను.
ఎండలో అటూ ఇటూ తిప్పింది.
"ఏం లేదుకదండీ!"
"చీకట్లో దీపం వేస్తే కనిపిస్తుంది."
"మా సేతులకైతే పగలే కనపడుద్దండి.
సబ్బెట్టినా నాల్రోజులు పోదు" అని
పలక నా చేతిలో పెట్టేసింది.

దాని అంచున వేలిముద్ర ఒకటి, నల్లగా.
తుడవలేదు నేను.
ఆవిడకి గట్టు ఇంకా సగం ఉంది.