రసమట్టం

మూడో నెంబరు గది ముందర కూసోనుండా.
నా టోకెను ముప్పైయారు.
లోపల ఇంకా పదకొండు కాడనే ఉండాది.

అందరూ తలుపు దిక్కు చూస్తాండారు.
నా చూపు మాత్రం కింద బండల మీద.
నేను పరిచినవే ఇవి.
యర్రగుంట్ల నుంచి లారీకెత్తుకొచ్చిన నల్ల బండలు.
"వెంట్రుకవాసి తేడా రాకూడదబ్బీ ఓబులేసూ" అని
చిన్నదస్తగిరి మేస్త్రీ దారం కట్టిపోతే
నలభై దినాలు
ఈ వరండా పొడుగునా మోకాళ్ల మీదనే నడిచినా.
కొండకు అట్లా ఎక్కేవాళ్లకు మొక్కుంటాది.
నాకు కూలి ఉండె.

పక్కనాయమ్మది పెండ్లిమర్రి.
శెనక్కాయ కళ్లంలో గొంతుకూచొని, గొంతుకూచొని,
ఇప్పుడు లేయాలంటే గోడను బతిమాలుకోవాలంట.
ఆ పక్కాయన బస్సు డ్రైవరు.
గువ్వలచెరువు ఘాటులో ఇరవై యేండ్లు క్లచ్చి తొక్కినాడు.
"కుడికాలు పెండ్లికొడుకు మాదిరుండాదన్నా,
ముసలితనమంతా ఎడమదానికే" అని నవ్వి
నవ్వుతానే తొడ పట్టుకున్యాడు.

నా వంతు రెండు నిమిషాలు.
డాక్టరు పిల్లోడు మంచోడే.
బొమ్మ వెలుతురుకు పెట్టి
"గుజ్జు అరిగింది పెద్దాయనా.
కింద కూచోవద్దు, మెట్లెక్కొద్దు, బరువెత్తొద్దు" అన్యాడు.
ఏం పని చేస్తావని అడగలే.
నేనూ చెప్పలే.
ఆయన కుర్చీ నాలుగు కాళ్లూ
కదలకుండా నిలబడుండాయి,
అది చాలనిపిచ్చింది.

బయటికి వస్తాంటే గడప కాడ
డ్రైవరుకు కాలు తట్టుకునింది.
నాకంటే ముందు ఆయమ్మకూ అక్కడే తట్టుకున్యింది, చూసినా.
ఆ బండ...
గుర్తొచ్చింది.
దాన్ని సుత్తితో ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాల్సిన పొద్దు
మోకాట్లో మొదటిపారి కలుక్కుమనింది.
రసమట్టంలో బుడగ నడుమకు రాకముందే
చాల్లే అని లేసిపోయినా.
ఇరవై రెండేండ్లు.
ఎంతమంది కుంటోళ్లు తట్టుకునుంటారో దీనికి!

డాక్టరు మాట చెవిలో ఉండంగానే
గొంతుకూచొని అరచెయ్యి పెట్టి చూసినా.
లేసేదానికి కాలేదు.
ఆయమ్మ ఒక రెక్క, డ్రైవరు ఒక రెక్క పట్టి లాగితే
ముగ్గురి మోకాళ్లూ ఒక్కపారే పటపటమన్యాయి.
"ఏం పడిపోయిందన్నా, అంతగా ఎతుకుతాండావు?"

వెంట్రుకవాసి కాదు మేస్త్రీ.
నిండా ఒక నూలు.