వేలి గుంట

కుతాయిసిలో మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిన పొద్దున
పిండి బస్తాతో సహా జారిపడ్డాడు నోదర్.
ఆరు వారాల కట్టు విప్పితే
మణికట్టు కాదది, బోర్లించిన బన్ను.

నాలుగు ప్యాడ్లు అంటించి మీట తిప్పుతాను.
"చీమలు," అంటాడు.
ఇంకాస్త.
"ఇప్పుడు సోడా."
నొప్పి ఎక్కడుందని అడిగితే
వీధి అవతల మూతపడ్డ తన దుకాణంకేసి చూస్తాడు.

నలభై ఏళ్ళు మట్టిపొయ్యి గొంతులోకి వంగి
ఎర్రగా కాలిన గోడకు రొట్టెలు చరిచిన చెయ్యి
ఇవాళ టీ గ్లాసు ఎత్తడానికి
రెండో చేతిని బతిమాలుకుంటోంది.

రోజూ వాపు మీద బొటనవేలితో నొక్కి చూస్తాను.
గుంట పడుతుంది. పడ్డది పడ్డట్టే ఉంటుంది.
"పులవని పిండి," అని పెదవి విరుస్తాడు,
ఎవరో పనివాణ్ణి తిట్టినట్టు.

పదకొండో సాయంత్రం సగంలో కరెంటు పోయింది.
యంత్రం మూగబోయింది. ప్యాడ్లు తీయబోతే
ఆగమని, తనే నొక్కుకున్నాడు.
ఫోను వెలుగులో ఇద్దరం తలలు దగ్గరపెట్టి చూస్తున్నాం.
గుంట అంచు
కదిలిందా?
కదిలింది.
నింపాదిగా, పొయ్యి పక్కన గుడ్డ కప్పిన ముద్దలా
పైకి వస్తోంది.

"ఇంకో గంట ఆగాలి," అన్నాడు.
దేనికో చెప్పలేదు.