నోటు మీది చేప

లాతీర్ దగ్గర నా పని డబ్బాలు కడగడం.
కిరసనాయిల్లో కుంచెలు నానేసి నానేసి
గోళ్ల కింద నీలం, చెవి వెనక పసుపు.
ఇంటికెళ్తే అమ్మ వాసన చూసి మరీ తిట్టేది.

జొవాల్ రేవులో పడవంటే ఒట్టి చెక్క కాదు.
తల్లి పేరు రాయాలి, జెండా రంగులు దిద్దాలి,
ఆ ఏడు గెలిచిన మల్లుడి మెడ, తాయెత్తులతో సహా,
ముక్కు దగ్గర అటో కన్ను, ఇటో కన్ను.
ఇవన్నీ డబ్బులకి.
నీటి గీత కింద మాత్రం
ఎవరూ అడగనిది వేసేవాడు లాతీర్.
పొడుగు మూతి, మూతికి రెండు పక్కలా పళ్లు.
రంపపు చేప.

అక్కడేస్తే ఎవరికి కనపడుతుంది అన్నాను.
"చూడాల్సినవాళ్లు కిందే ఉంటారు" అన్నాడు
నాలుకతో కుంచె మొన సరిచేసుకుంటూ.

రేవు పిల్లలు ఎగబడి చూసి
ఒరే, ఇది డబ్బు మీది చేపరా! అని అరిచారు.
నిజమే. మా నోటు మీద ఉంది, బిళ్ల మీద ఉంది.
సంతలో చేతులు మారుతుంది, నడుం ముడిలో నలుగుతుంది,
ఉల్లిపాయల కంపు కొడుతుంది.
సముద్రంలో మాత్రం లేదు.
నేనూ అప్పటిదాకా
బ్యాంకువాళ్లు కల్పించిన జంతువనుకున్నాను.

చేపలకి పొగబెట్టే యాండే ముసలమ్మ గుమ్మం మీద
అసలుది వేలాడుతోంది, ఒక్క రంపమే,
దయ్యాలు రాకుండా ఆమె తాత కట్టింది.
"దయ్యాలూ రాలేదు, అవీ మళ్లీ రాలేదు" అంది
పొయ్యిలోకి వేరుశనగ పొట్టు ఎగదోస్తూ.
లాతీర్ పీటెక్కి లెక్కపెట్టాడు,
నేను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను.
ఎడమ పక్క ఇరవై.
కుడి పక్క పందొమ్మిది, ఒక తొర్ర.
ఆ తర్వాత వేసిన ప్రతి చేపకీ
కుడి పక్క ఒక పన్ను ఉండదు.
పెట్టెయ్యొచ్చుగా అంటే
"పోయిందాన్ని ఉన్నట్టు వేస్తే
రేపు పోయేదాని గురించి చెబితే ఎవడు నమ్ముతాడు?"

వాలీకి ఒళ్లు మండింది.
"వలలు చింపే పాపిష్టిదాన్ని నా పడవకి అంటగడతావా?
పెద్ద ఓడలు రాత్రిళ్లు దీపాలార్పుకుని
చీపురేసినట్టు సముద్రాన్ని ఊడ్చుకుపోతున్నాయి.
కవళ్లు కూడా కంటికి ఆనటం లేదు.
నీ బొమ్మ నా పిల్లలకి కూడు పెడుతుందా?"

లాతీర్ బదులివ్వలేదు.
మాట దొరకనప్పుడు డబ్బా మూత బిగిస్తాడు, అంతే.
వాలీయే నీలం కొని తెచ్చి
నా చేత చేప మీద పూయించాడు.
కూలికిచ్చిన మడత నోటు విప్పితే
అందులో అదే చేప. నవ్వొచ్చింది, మింగేశాను.

చవక నీలం. ఉప్పు ముందు ఏపాటిది?
వానలు మొదలయ్యేసరికి పెచ్చులూడింది.
ముందు పళ్లు బయటపడ్డాయి, తర్వాత మూతి,
బురదలోంచి ఒళ్లు విదుల్చుకుని లేచినట్టు.
వాలీ మళ్లీ పూయించలేదు.
డబ్బుల్లేకో, మరెందుకో.

ఒక తెల్లవారుజామున వల భుజానేసుకుని వచ్చాడు.
నడిమధ్య మనిషి దూరేంత కన్నం.
నేను వలలల్లే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తెలుసు,
పళ్లకి చిక్కి చిరిగితే నైలాను పీచులు లేస్తుంది.
ఇది నున్నగా, కన్ను తర్వాత కన్ను,
ఓపిగ్గా కోసిన కత్తి కోత.
సొంత వల. ఇంకా తీరని అప్పు.

లాతీర్ టీ ఎత్తి పోసి నురగ తెప్పించి
గ్లాసు అతని చేతిలో పెట్టాడు.
చాలాసేపటికి ఒక్కటే అడిగాడు.
"ఎన్ని పళ్లు?"

"చీకటి" అన్నాడు వాలీ, నురగ ఊదుతూ.
"కుదురుగా ఉంటేగా లెక్కపెట్టడానికి."

తర్వాత గ్లాసు బోర్లించి
దారం ఉండ ఇప్పుడెంతుంది అని
నన్నడిగాడు.