నియమం పందొమ్మిది

ఆగస్టు రెండోవారం రాగానే
మళ్లీ ఆ పుస్తకం నా బల్ల మీదకొస్తుంది.
విద్యార్థుల నియమావళి. నీలం అట్ట, రెండు పిన్నులు.
ముప్పై ఒక్క ఏళ్లుగా నేనే టైపు చేస్తున్నాను.
మెయిన్ తీరంలో, టార్బెట్ కోవ్ ప్రభుత్వ హైస్కూల్లో
హాజరు కిటికీ వెనక కూర్చునే మనిషిని.
ఆలస్యంగా వచ్చినవాళ్లకు గులాబిరంగు చీటీ ఇస్తాను,
ఎందుకని అడుగుతాను,
చెప్పింది రాసుకుంటాను, నమ్మినా నమ్మకున్నా.

ఇవన్నీ ఎవరో పెద్దలు
కూర్చుని ఆలోచించి రాశారనుకుంటారు పిల్లలు.
కాదు.
ఒక్కో నియమం వెనక ఒక్కో వెధవ ఉంటాడు.
ముద్దుగానే అంటున్నాను.

లాకర్లలో ప్రాణమున్నవేవీ ఉంచరాదు:
అది వెండెల్ ఆలీ.
ఉప్పునీళ్ల బకెట్లో మూడు లాబ్‌స్టర్లు, ఒక్కోదానికీ పేరు.
శుక్రవారానికి వాసన జామెట్రీ క్లాసు దాకా పాకింది.

ఎర అంటిన బూట్లతో తరగతికి రారాదు:
ఓరిన్ బీల్. తెల్లవారుజామున నాలుగింటికే పడవెక్కి
వలబుట్టలు లాగి, ఎనిమిదింటికి బడికొచ్చేవాడు.
రూలు చూపిస్తే బూట్లు గుమ్మంలో విడిచి
తడి మేజోళ్లతో వచ్చి కూర్చున్నాడు.
మరుసటేడు ఇంకో వాక్యం కలపాల్సొచ్చింది.

తల్లిదండ్రుల సంతకం తల్లిదండ్రులే చేయవలెను:
డెల్ఫీన్ ఫాకింగమ్.
వాళ్లమ్మది సార్డీన్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
నాలుగేళ్లు అమ్మ సంతకం కూతురే పెట్టింది,
ఎంత బాగా అంటే,
ఒక్కసారి అమ్మ నిజంగా పెడితే
ఇది దొంగసంతకమని నేను తిప్పి పంపాను.

ఈ ఏడు కొత్త ప్రిన్సిపాలు వచ్చాడు, పెల్కీ అని, పోర్ట్‌లాండ్ మనిషి.
చేతిలో ఎర్రకలం.
పందొమ్మిదో నియమం దగ్గర ఆగాడు.
"పొగమంచు రోజుల్లో గానీ మరే రోజుల్లో గానీ
విద్యార్థులు పైగది గంట మోగించరాదు."
"ఆర్డిత్, అసలు గంటే లేదు కదా?"
లేదు. కప్పు కారుతోందని ఎప్పుడో అమ్మేశారు,
వేసవి టూరిస్టుల హోటలు ముందు పూలకుండీల మధ్య ఉందిప్పుడు.
నేను నీళ్లు నమిలాను.

డెబ్బై ఎనిమిది అక్టోబరు. పదో తరగతి.
కిటికీ అవతల జెండాకర్ర కూడా కనిపించని మంచు.
నాన్న పడవలో రేడియో పాడై పదిరోజులు.
చరిత్ర మేష్టారు ఏదో యుద్ధం చెబుతున్నారు.
బాత్రూముకని చెయ్యెత్తి, అనుమతి చెక్క పుచ్చుకుని
మూడంతస్తులు ఎక్కాను.
నలభై నిమిషాలు.
తాడు అరచేతుల తోలు తీసుకుపోయింది.
ఫైరింజను వచ్చింది, ఊరు ఊరంతా వీధిలోకొచ్చింది,
నౌకరు నన్ను నడుం పట్టి లాగాల్సొచ్చింది.
మూడురోజులు బడికి రావద్దన్నారు.
"మరే రోజుల్లో గానీ" అని కలిపింది ఎవరో గానీ
నన్ను బాగా ఎరిగినవాళ్లే.

చీకటిపడ్డాక నాన్న వచ్చాడు.
గుమ్మంలో బూట్లు విప్పుతూ విన్నాడు అంతా.
"నాకేం వినపడలేదే," అన్నాడు. "ఇంజను మోత."
టీ తాగాడు.
తరవాత, తాళ్లు కోసిన తన చేతులకు రాసుకునే
పచ్చరేకు డబ్బా మందు
మూత తీసి నా ముందు పెట్టి పడుకున్నాడు.

పెల్కీతో ఇదేం చెప్పలేదు.
పందొమ్మిది తీసేస్తే ఇరవై పందొమ్మిదవుతుంది,
ముప్పై మూడో పేజీలో "ఇరవై నాలుగు చూడుము" అని ఉంది,
అన్నీ మార్చాలి, ప్రింటరుకి రేపే ఇవ్వాలి అన్నాను.
ఇలాంటి కారణాలైతే ప్రిన్సిపాళ్లు ఇట్టే నమ్ముతారు.
కలానికి టోపీ పెట్టేశాడు.

సెప్టెంబరులో ముప్పై నలుగురు కొత్తపిల్లలు
ఆఖరి పేజీ చింపి నా కిటికీలో పడేస్తారు,
చదివాము, అర్థమైనది అని
కింద సంతకాలు పెట్టి.